ఉప్పు అడిగిన పిల్లవాడు

రెండేళ్ళుగా నేను రోజుకి మూడుసార్లు హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకుంటున్నాను. పొద్దున లేవగానే పెద్ద మోతాదు, మధ్యాహ్నం కొంచెం, సాయంత్రం ఇంకా కొంచెం. పొద్దుటి దానితోపాటు ఫ్లూడ్రోకార్టిసోన్ అనే ఇంకో చిన్న మాత్ర. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే రెండు అడ్రినల్ గ్రంథులు, స్కూలు పుస్తకాల భాషలో అధివృక్క గ్రంథులు, నా ఒంట్లో పని మానేశాయి. జబ్బు పేరు అడిసన్స్.

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాడిని కాబట్టి, పాడైన భాగాన్ని తీసి ఇంకోటి పెట్టారంటే నాకు మొదట వచ్చే అనుమానం ఒకటే. పాతది చేసే పనులన్నీ ఈ కొత్తది చేస్తోందా? ఏదైనా వదిలేసిందా? ఆ అనుమానంతోనే ఈ జబ్బు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. దాన్ని మామూలుగా చెప్పే తీరు ఇలా ఉంటుంది: ఒక ఇంగ్లీషు డాక్టర్ జబ్బుని కనిపెట్టాడు, వందేళ్ళ తర్వాత శాస్త్రవేత్తలు హార్మోన్ తయారుచేశారు, నోబెల్ వచ్చింది, రోగులు బతికారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఈ కథలో ఉప్పు లేదు. రోగులూ పెద్దగా లేరు.

1716లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరపు అకాడమీ ఒక వ్యాసరచన పోటీ పెట్టింది. విషయం: అడ్రినల్ గ్రంథులు ఎందుకున్నాయి? అవి ఉన్నాయన్న సంగతి ఇటలీలో యూస్టాకీ 16వ శతాబ్దంలోనే చెప్పాడు. ఎందుకున్నాయో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. వచ్చిన వ్యాసాల మీద నివేదిక ఇచ్చింది మాంటెస్క్యూ. తర్వాత రాజ్యాధికారాన్ని మూడుగా విడదీయాలని చెప్పి పేరుపొందిన మాంటెస్క్యూనే. బహుమతికి తగ్గ వ్యాసం ఒక్కటీ లేదని ఆయన తేల్చేశాడు.

ఆ ప్రశ్న మళ్ళీ గట్టిగా ముందుకొచ్చింది 1855లో. లండన్ గైస్ హాస్పిటల్లో పనిచేసే థామస్ అడిసన్ 11 మంది రోగుల గురించి ఒక చిన్న పుస్తకం వేశాడు. వాళ్ళందరిదీ దాదాపు ఒకే కథ. నిస్త్రాణ, బలహీనమైన నాడి, కడుపులో వికారం, ఒంటి రంగు వింతగా నల్లబడటం, చివరికి చావు. శవాన్ని కోసి చూస్తే అడ్రినల్ గ్రంథులు పాడైపోయి ఉండేవి, చాలామందిలో క్షయ వల్ల. మరుసటి ఏడే పారిస్‌లో బ్రౌన్-సెకార్ జంతువులకి ఈ గ్రంథులు తీసేసి చూశాడు. అవి బతకలేదు. గ్రంథి ఏం చేస్తుందో ఇద్దరికీ తెలీదు. అది లేకపోతే బతకడం కుదరదని మాత్రం తెలిసింది. జబ్బుకి అడిసన్ పేరు పెట్టింది ఫ్రెంచి డాక్టర్ ట్రూసో.

ఈ రంగు మారడం గురించి ఇక్కడే ఒక మాట. అడిసన్ చూసిన రోగులు తెల్లవాళ్ళు. వాళ్ళ ఒళ్ళు కంచురంగుకి తిరిగితే ఎవరి కంటికైనా ఆనుతుంది. చామనఛాయ మనిషి ఇంకాస్త నల్లబడితే హైదరాబాదులో ఎవరికీ వింత కాదు. “ఎండల్లో తిరుగుతున్నావా?” అంటారు. నన్నూ ఆరు నెలలు అలాగే అన్నారు. బరువు తగ్గితే డైటింగ్ అనుకున్నారు, వికారానికి గ్యాస్ మాత్రలు ఇచ్చారు. చివరికి ఒక డాక్టరమ్మ నోరు తెరవమని, చిగుళ్ళ మీద నల్లటి మచ్చలు చూసి, అరచేతి గీతలు చూసి, రక్తపరీక్ష రాశారు. మనలాంటి చర్మం మీద ఈ జబ్బుని వెతకాల్సింది అక్కడ.

అడిసన్ తర్వాత వైద్యం చాలాకాలం తప్పుదారిలో పోయింది. 1894లో ఆలివర్, షేఫర్ అనే ఇద్దరు అడ్రినల్ రసం ఎక్కిస్తే రక్తపోటు అమాంతం పెరుగుతుందని చూపించారు. 1901 నాటికి జపాన్ నుంచి అమెరికా వెళ్ళిన తకమినే దాన్ని శుద్ధిచేసి అడ్రినలిన్ అని పేరు పెట్టాడు. గ్రంథి రహస్యం దొరికేసిందని చాలామంది అనుకున్నారు. కానీ అడ్రినలిన్ వచ్చేది గ్రంథి లోపలి గుజ్జు నుంచి. ప్రాణం నిలిపేది దాని చుట్టూ ఉన్న పైపొర. ఈ తేడా తెలియక అడిసన్స్ రోగులకి అడ్రినలిన్ ఇచ్చి చూస్తూ పోయారు.

వాళ్ళలో నాకు బాగా నచ్చిన మనిషి మ్యూర్‌హెడ్. అమెరికాలో ఒమాహాలోని క్రైటన్ యూనివర్సిటీలో ఫార్మకాలజీ ప్రొఫెసర్, అంటే మందుల గురించి పాఠాలు చెప్పేవాడు. ఆయనకే అడిసన్స్ వచ్చింది. 1920లో మేయో క్లినిక్ డాక్టర్లతో కలిసి తన వైద్యాన్ని తనే రూపొందించుకున్నాడు. ఒంటికి పట్టినంత అడ్రినలిన్ ఇంజెక్షన్లు, నోటిద్వారా ఎండబెట్టిన గ్రంథి పొడి. కొన్నాళ్ళు తేరుకున్నాడు కూడా. తన జబ్బు చరిత్ర తనే రాసి వైద్య పత్రికలో అచ్చువేశాడు. చివరికి జబ్బుదే పైచేయి అయింది. మందు సరైంది కాదని ఇప్పుడు మనకి తెలుసు. కానీ రోజూ తన ఒంటిని చూసుకుని, ఎంత తీసుకోవాలో లెక్కవేసుకుని, రాసిపెట్టుకున్న రోగి ఈ చరిత్రలో నాకు కనిపించినంతవరకు ఆయనే మొదటివాడు. ఇవాళ ఈ జబ్బున్న ప్రతివాళ్ళూ చేసేది ఆ పనే.

ఇక ఉప్పు దగ్గరికి వద్దాం. అడ్రినల్ పైపొరలో తయారయ్యే ఒక హార్మోన్ మూత్రపిండాలకి, ఉప్పుని బయటికి పోనీయకు, పొటాషియంని పంపించెయ్ అని చెబుతుంది. ఆ హార్మోన్ లేకపోతే ఒంట్లో సోడియం మూత్రంలో పోతుంది, దాని వెంట నీళ్ళు పోతాయి, రక్తపోటు పడిపోతుంది. పొటాషియం పేరుకుని గుండె లయని దెబ్బతీస్తుంది. ఆల్డోస్టిరోన్ అనే ఈ హార్మోన్‌ని లండన్‌లో సింప్సన్, టెయిట్ పట్టుకున్నది 1953లో. దానికి ఇరవయ్యేళ్ళ ముందే, న్యూయార్క్‌లో రాబర్ట్ లోబ్ అనే డాక్టర్ అడిసన్స్ రోగుల రక్తంలో సోడియం తక్కువగా ఉందని గమనించాడు. ఉప్పు ఎక్కువ ఇచ్చి చూస్తే మంచం పట్టినవాళ్ళు లేచి కూర్చున్నారు. పేరు తెలియని హార్మోన్ చేసే పనిలో సగాన్ని వంటింటి డబ్బాలోని వస్తువు చేసింది.

1936లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్‌లో కర్ట్ రిక్టర్ ఇంకో ప్రయోగం చేశాడు. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకల ముందు మంచినీళ్ళు, ఉప్పునీళ్ళు రెండూ పెట్టాడు. అవి ఉప్పునీళ్ళే ఎక్కువ తాగాయి, తాగి బతికాయి. వాటికెవరూ చెప్పలేదు. ఒంటికి ఏది కావాలో నాలుకకి తెలిసింది.

నాలుగేళ్ళ తర్వాత, 1940లో, అదే రిక్టర్, పిల్లల డాక్టర్ లాసన్ విల్కిన్స్ కలిసి ఒక చిన్న రిపోర్టు రాశారు. మూడున్నరేళ్ళ పిల్లవాడు. ఏడాది వయసు నుంచే బిస్కెట్ల మీది ఉప్పు నాకేవాడు. మొదట నేర్చిన కొద్ది మాటల్లో ‘ఉప్పు’ ఒకటి. అన్నంలో ఉన్నది చాలక విడిగా ఉప్పు తినేవాడు, ఇవ్వకపోతే ఏడ్చేవాడు. వయసుకి మించిన ఎదుగుదల కనిపిస్తోందని పరీక్షలకోసం ఆసుపత్రిలో చేర్చారు. అక్కడ అందరు పిల్లలకి పెట్టే తిండే పెట్టారు. అదనంగా ఉప్పు ఇవ్వలేదు. ఏడు రోజుల్లో చనిపోయాడు. కోసి చూస్తే జబ్బు అడ్రినల్ గ్రంథుల్లోనే ఉంది. ఇంట్లో ఆ పిల్లవాడు ఏం తినేవాడో ఎలా తినేవాడో తల్లిదండ్రులు వివరంగా చెప్పింది ఆ తర్వాత.

ఈ రిపోర్టు చదివాక రెండు రోజులు ఇంకేమీ చదవలేకపోయాను. మూడున్నరేళ్ళవాడు తన వైద్యం తనే కనిపెట్టుకుని, రెండేళ్ళకి పైగా తనని తాను బతికించుకున్నాడు. నేర్చుకున్న మాటతో దాన్ని అడిగాడు కూడా. ఆసుపత్రి క్రూరమైనదేమీ కాదు. అది అందరికీ సరిపోయే తిండి పెట్టింది, అంతే. విల్కిన్స్ ఆ సంగతిని దాచకుండా అచ్చువేశాడు. ఆ పిల్లవాడిది అడిసన్ చెప్పిన జబ్బు కాదు, పుట్టుకతోనే అడ్రినల్‌లో హార్మోన్ సరిగ్గా తయారుకాని జబ్బు. పదేళ్ళ తర్వాత, 1950లో, అలాంటి పిల్లలకి కార్టిసోన్ పనిచేస్తుందని చూపించినవాళ్ళలో ముందున్నది అదే విల్కిన్స్.

ఉప్పు పెంచడంతోపాటు పొటాషియం తగ్గించడం కూడా 1930లలో వైద్యంలో భాగమైంది. మేయో క్లినిక్‌లో వైల్డర్, కెండల్ ఆ రెండూ కలిపి ఆహారనియమం తయారుచేశారు. పొటాషియం ఎక్కువున్న పళ్ళూ కూరగాయలూ కొలిచి తినాలి. ఈ భాగం చదివినప్పుడు మన కొబ్బరిబోండం గుర్తొచ్చింది. మన దగ్గర ఎవరైనా నీరసంగా పడిపోతే ముందు కొట్టించేది అదే. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ, సోడియం తక్కువ. మామూలు మనిషికి మంచిదే. మందు అందని అడిసన్స్ మనిషికి సరిగ్గా వద్దన్నది ఎక్కించి, కావలసింది ఇవ్వకుండా ఉండటమే. మాకు పనికొచ్చేది ఉప్పు గట్టిగా వేసిన మజ్జిగ.

మందూ తిండీ ఒకదాన్నొకటి చూసుకుంటూ నడవాలని నేర్పింది డోకా అనే మందు. రైక్‌స్టైన్, స్టైగర్ 1937లో తయారుచేసిన ఈ కృత్రిమ హార్మోన్ ఉప్పుని ఒంట్లో నిలబెడుతుంది. దీన్ని చిన్న గుళికలుగా చేసి చర్మం కింద పెట్టేవాళ్ళు, నెలల తరబడి కొద్దికొద్దిగా కరిగేది. అంతకుముందు బతకడానికి తిన్న ఉప్పుని ఇప్పుడూ అంతే తింటే ఒళ్ళు వాచేది, రక్తపోటు పెరిగేది, గుండె దెబ్బతిని కొందరు చనిపోయారు కూడా. నిన్నటిదాకా ప్రాణం పోసిన చెంచా ఈరోజు ప్రాణం తీయొచ్చు. ఒంట్లో గ్రంథి ఉన్నవాళ్ళకి ఈ సర్దుబాటు తెలియకుండానే జరిగిపోతుంది. ఆవకాయ ఎక్కువ తిన్న రోజు ఆల్డోస్టిరోన్ దానంతటదే తగ్గుతుంది. గుళికకి ఆ తెలివి లేదు.

పైగా డోకా సగం పనే చేసేది. ఉప్పు నిలిచినా రక్తంలో చక్కెర పడిపోయేది, చిన్న జ్వరానికే మనిషి కుప్పకూలేవాడు. దానికి కావలసింది పైపొరలోని ఇంకో హార్మోన్, కార్టిసాల్. దాని దగ్గరి చుట్టం కార్టిసోన్‌ని కెండల్, రైక్‌స్టైన్ విడివిడిగా వేరుచేశారు. 1944లో మెర్క్ కంపెనీలో సారెట్ ఎద్దు పైత్యరసంతో మొదలుపెట్టి, ముప్పైకి పైగా మెట్లలో దాన్ని తయారుచేశాడు. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో హెంచ్ దాన్ని ఇచ్చింది అడిసన్స్ రోగికి కాదు, కీళ్ళవాతంతో కదల్లేని ఒక స్త్రీకి. కొద్ది రోజుల్లో ఆమె లేచి నడిచింది. 1950లో కెండల్, రైక్‌స్టైన్, హెంచ్ ముగ్గురికీ నోబెల్ వచ్చింది.

‘స్టెరాయిడ్’ అన్న మాటకి చెడ్డపేరు కూడా అప్పుడే మొదలైంది. కీళ్ళవాతానికి ఇచ్చినవి ఒళ్ళు తనంతట తాను ఎప్పుడూ తయారుచేయనంత పెద్ద మోతాదులు. ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఎముకలు బోలుగా మారడం, చక్కెర పెరగడం అన్నీ వాటితో వచ్చినవే. నేను వేసుకునేది ఒళ్ళు మామూలుగా తయారుచేసుకునేంతే. నాలాంటి పెద్దవాళ్ళకి సాధారణంగా రోజుకి 15 నుంచి 25 మిల్లీగ్రాములు. అయినా ఇంటికొచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు, “స్టెరాయిడ్సా? మెల్లగా మానెయ్ బాబూ, ఆయుర్వేదం చూడు,” అంటారు. నేను మానేస్తే కొద్ది రోజుల్లో పోతాను. ఇంకోవైపు, ఆ మాటంటే భయపడే ఊళ్ళలోనే ఆర్.ఎం.పి. దగ్గర నొప్పికి డెక్సా ఇంజెక్షన్లు నెలల తరబడి తీసుకుంటారు. బయటినుంచి అంత వస్తుంటే లోపలి గ్రంథి నిద్రపోతుంది. ఉన్నట్టుండి ఆపేస్తే వాళ్ళదీ నా పరిస్థితే.

ఆయుర్వేదం మాటొచ్చింది కాబట్టి అతిమధురం గురించి కూడా చెప్పాలి. దగ్గుకి మన ఇళ్ళల్లో బుగ్గన పెట్టుకునే అతిమధురం వేరే. 1940లలో రెవెర్స్ అనే డచ్చి డాక్టర్ కడుపులో పుండుకి దీని సారం ఇస్తుంటే కొందరికి ఒళ్ళు వాచడం గమనించాడు. కొద్దికాలానికే అక్కడి డాక్టర్లు దాన్ని అడిసన్స్ రోగులకి ఇచ్చి చూశారు. ఉప్పు ఒంట్లో నిలిచింది. మూత్రపిండాల్లో కార్టిసాల్‌ని నిర్వీర్యం చేసే ఒక ఎంజైమ్‌ని అతిమధురం అడ్డుకుంటుందని, అందుకే కార్టిసాల్ అక్కడ ఆల్డోస్టిరోన్ పని చేసేస్తుందని తర్వాత తేలింది. అంటే అది మూఢనమ్మకమూ కాదు, హానిలేని ఇంటిమందూ కాదు. నా మాత్రల మీద అది కూడా పడితే రక్తపోటు పెరిగి పొటాషియం పడిపోవచ్చు. దగ్గొస్తే నేను మిరియాలతో సరిపెట్టుకుంటున్నాను.

1950లలో మెక్సికో అడవిదుంపల నుంచి, బూజు సాయంతో స్టెరాయిడ్లు చేసే పద్ధతులొచ్చి ధర దిగింది. ఉప్పు పని చేసే ఫ్లూడ్రోకార్టిసోన్ కూడా ఆ దశాబ్దంలోనే వచ్చింది. ఆ సంధికాలపు రోగి కెనడీ. 1947లో లండన్‌లో ఆయనకి అడిసన్స్ అని తేలింది. తొడల్లో డోకా గుళికలు, తర్వాత కార్టిసోన్. ఈ జబ్బున్నవాళ్ళకి పెద్ద ఆపరేషన్ అంటే చావుతో సమానమనుకునే రోజుల్లో, 1954లో న్యూయార్క్‌లో ఆయనకి వెన్నెముక ఆపరేషన్ జరిగింది. మరుసటి ఏడు ఒక సర్జరీ పత్రికలో 37 ఏళ్ళ రోగి కథగా పేరు లేకుండా అచ్చయింది. 1960 ఎన్నికల్లో ప్రత్యర్థులు ఆరోగ్యం సంగతి ఎత్తితే, ఆయన మనుషులు అడిసన్ వర్ణించిన అర్థంలో ఆ జబ్బు లేదని అతి తెలివిగా జవాబిచ్చారు. క్షయ వల్ల వచ్చినది కాదని దాని లోపలి అర్థం. ఆ దాపరికం గురించి చాలామంది రాశారు. నేను చూసేది ఇంకోటి. ఆపరేషన్ రోజుల్లో కెనడీకి ఎప్పుడు ఎంత హార్మోన్ ఎక్కించాలో చూసుకోవడానికి నిపుణుల బృందం ఉంది. గ్రంథి చేసే ఆలోచన వాళ్ళు చేశారు.

మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. హార్మోన్‌ని 1950 నాటికే తయారుచేశారు. గ్రంథి చేసే నిర్ణయాన్ని ఇప్పటికీ ఎవరూ తయారుచేయలేదు. ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో తెల్లవారుజామున కార్టిసాల్ పెరుగుతుంది, అర్ధరాత్రికి తగ్గుతుంది. జ్వరమొస్తే, ఎముక విరిగితే, ఎవరైనా పోయారన్న కబురొస్తే మెదడు నుంచి పీయూష గ్రంథికి, అక్కడినుంచి అడ్రినల్‌కి కబురు వెళ్ళి మోతాదు పెరుగుతుంది. నా ఒంట్లో ఆ కబురు వెళ్తూనే ఉంది, అందుకునేవాళ్ళు లేరు. నా చిగుళ్ళ నలుపు కూడా పీయూష గ్రంథి అలా అదేపనిగా కేకలు పెట్టడం వల్ల వచ్చిందే. దాని బదులు లెక్క నేను వేస్తాను. మే నెలలో చెమట ఎక్కువైతే ఉప్పు పెంచాలి, డాక్టర్ని అడిగి ఫ్లూడ్రో మోతాదు చూసుకోవాలి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా, చారులో ఉప్పు సరిపోయినా ఇంకా వేసుకోవాలనిపిస్తోందా, ఇవన్నీ గమనించుకోవాలి. మ్యూర్‌హెడ్‌లాగా నాకూ ఒక నోటు పుస్తకం ఉంది.

ఇలా చూస్తే ఈ చరిత్రలో మందు కనిపెట్టినవాళ్ళెంత ముఖ్యమో, ఒంటి మాట విన్నవాళ్ళూ అంతే ముఖ్యం అనిపిస్తుంది. ఎలుకలకి తెలిసింది, పిల్లవాడికి తెలిసింది. అడిగి రాసుకోవడానికి డాక్టర్లకి కాలం పట్టింది. ఇప్పటికీ ‘ఉప్పు తగ్గించండి’ అన్న సలహా మన ఆసుపత్రుల్లో అందరికీ ఒకే అచ్చులో పడుతుంది. అది ఎక్కువమందికి మంచిదే. ఆ ఎక్కువమందిలో లేనివాళ్ళు నోరు తెరిచి చెప్పాలి, చెప్పింది ఎవరో ఒకరు వినాలి.

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద డాక్టరమ్మ తెలుగులో రాసిచ్చిన కాగితం ఉంది. జ్వరం వస్తే మాత్ర రెండింతలు, బాగా ఎక్కువైతే మూడింతలు. వాంతులై మాత్ర నిలవకపోతే ఆగకుండా తొడలో 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, వెంటనే ఆసుపత్రి, సెలైన్. పళ్ళు తీయించినా, ఆపరేషన్ అయినా ముందే చెప్పాలి. మాత్ర ఏ కారణానికీ ఆపకూడదు. మా ఆవిడ ఇంజెక్షన్ వేయడం నేర్చుకుంది, మా అమ్మ ఆ కాగితాన్ని బట్టీ పట్టింది. దాని నకలు ఒకటి నా పర్సులో, ఇంకోటి ఆఫీసు బ్యాగులో పెట్టుకున్నాను. నేను మాట్లాడలేని స్థితిలో ఉన్నరోజు లెక్క వేయాల్సింది అది చదివినవాళ్ళే.